ఆరు నిమిషాలకే ఆగిపోయే కారు: స్పీడ్ కంట్రోలర్ వేడిపై ఒక కేస్ స్టడీ

ఏప్రిల్ రెండో వారంలో ఒక సాయంత్రం హనుమకొండలోని నా వర్క్‌షాపుకు తండ్రీకొడుకులు వచ్చారు. కొడుకు ఇంటర్ పరీక్షలు ముగించి సెలవుల్లో ఉన్నాడు. అతని చేతుల్లో ఒక రిమోట్ కారు ఉంది. అసలు బండిలో పదోవంతు కొలతతో చేసిన ట్రక్కు అది, నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్నది. తండ్రి చేతిలో ఒక కవరు, అందులో తీసేసిన రెండు పాత స్పీడ్ కంట్రోలర్లు (మోటారుకు వెళ్లే కరెంటును నియంత్రించే ఈఎస్‌సీలు).

"అన్నా, దీనికి ఈఎస్‌సీ రెండుసార్లు మార్పించాం. ఇప్పుడున్నది మూడోది. ఇదీ ఆరు నిమిషాలు తిరగకుండానే ఆగిపోతోంది. చలికాలంలో బాగానే నడిచింది. ఇంకొకటి కొనమంటే మాత్రం నా వల్ల కాదు" అన్నారు ఆయన.

కంట్రోలర్లు మార్చిన దుకాణంవారు ప్రతిసారీ ఒకే మాట చెప్పారట: "లోపల కాలిపోయింది, కొత్తది వేయాలి." కవరులోని రెండింటినీ అదే రాత్రి బల్ల మీద పెట్టి, వేరే మోటారు కలిపి చూశాను. రెండూ శుభ్రంగా పనిచేశాయి. బాగున్న వస్తువుకు చెడిపోయిందని ముద్రవేసి ఆ ఇంటివారి చేత రెండుసార్లు డబ్బు ఖర్చు పెట్టించారన్నది నన్ను బాధించింది. ఈ కేసును కొలతలతో సహా రాయడానికి మొదటి కారణం అదే. ఎండాకాలం వచ్చిందంటే ఇదే ఫిర్యాదుతో నా దగ్గరకు నాలుగైదు కార్లు రావడం రెండో కారణం.

పల్లెల్లో బోరు మోటారు స్టార్టర్ మాటిమాటికీ పడిపోతుంటే అనుభవమున్న మెకానిక్ స్టార్టర్‌ను తిట్టడు. బోరులో ఇసుక చేరిందా, బుష్ పట్టేసిందా, ఒక ఫేజు పోయిందా అని చూస్తాడు. తెలియనివాడు రిలేకు పుల్ల అడ్డం పెట్టి మోటారు కాల్చుకుంటాడు. వేడెక్కి ఆగిపోయే ఈఎస్‌సీ కూడా ఆ స్టార్టర్ లాంటిదే. అది తన పని తాను సరిగ్గా చేసింది. అంత కరెంటు ఎవరు లాగారన్నదే మనం వెతకాలి. చల్లబరిచే ఏర్పాట్లు ఆ తర్వాత.

లోపల వేడి ఎక్కడ పుడుతుంది

బ్యాటరీ నుంచి వచ్చే డీసీని ఈఎస్‌సీ మూడు తీగల మీదుగా వంతులవారీగా మోటారుకు పంపుతుంది. ఆ వంతులు మార్చే స్విచ్చులు మాస్‌ఫెట్లు. స్విచ్చు పూర్తిగా మూసుకుని కరెంటు పారుతున్నప్పుడు కూడా దానికి కొద్దిపాటి నిరోధం ఉంటుంది. మిల్లీఓముల్లోనే ఉంటుంది కానీ, అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. పైగా సిలికాన్ వేడెక్కిన కొద్దీ ఆ నిరోధమూ పెరుగుతుంది కాబట్టి వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. స్విచ్చు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఆ క్షణాల్లో మరికొంత వేడి పుడుతుంది.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పూర్తి థ్రాటిల్‌లోనే ఈఎస్‌సీ ఎక్కువ శ్రమపడుతుందని అనుకుంటారు. సగం థ్రాటిల్‌లో బ్యాటరీ తీగ మీద పెట్టిన వాట్‌మీటరు 15 ఆంపియర్లు చూపిస్తోందనుకోండి. అప్పుడు మోటారు తీగల్లో పారేది దాదాపు 30 ఆంపియర్లు. బ్యాటరీ వైపు స్విచ్చు సగం సమయమే మూసుకుని ఉంటుంది, మిగతా సగంలో మోటారు చుట్టల్లోని కరెంటు కింది వైపు స్విచ్చు గుండా తిరుగుతూనే ఉంటుంది. ఆ స్విచ్చును సమయానికి మూయని చవక రకాల్లో అది డయోడు గుండా పోతుంది. డయోడు దగ్గర ఒక వోల్టు దాకా పడిపోతుంది కాబట్టి వేడి ఇంకా ఎక్కువ. గరుకు నేల మీద ఆగుతూ, కదులుతూ, మలుపులు తిప్పుతూ సగం థ్రాటిల్‌తో ఆడే కారు తిన్నని రోడ్డు మీద దూసుకుపోయే కారు కన్నా త్వరగా ఎందుకు వేడెక్కుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

కొలవడం

ఆ కారు వివరాలు ఇవి: మూడు సెల్లుల 5000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అంటే 11.1 వోల్టులు. సెన్సర్ లేని 3300 కేవీ (అంటే బరువు లేనప్పుడు వోల్టుకు నిమిషానికి 3300 చుట్లు తిరిగే) బ్రష్‌లెస్ మోటారు. 60 ఆంపియర్ల ఈఎస్‌సీ. లోపలి ఉష్ణోగ్రత 105 డిగ్రీలకు చేరితే ఆగిపోయేలా ప్రోగ్రామ్ కార్డులో పెట్టి ఉంది. టైమింగ్ (మోటారుకు కరెంటు వంతు ఎంత ముందుగా అందాలన్న అమరిక) ఎవరైనా పెంచారేమో చూశాను, ఫ్యాక్టరీ విలువలోనే ఉంది.

అబ్బాయి దగ్గర చేతిలో పట్టుకుని చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంది. "సార్, ఆగిపోయినప్పుడు హీట్‌సింక్ మీద 51 డిగ్రీలే చూపిస్తోంది. మరి ఎందుకు ఆగుతోంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. హీట్‌సింక్ అంటే ఈఎస్‌సీ వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం దిమ్మ. మెరిసే అల్యూమినియం తన వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వదులుతుంది. ఆ మీటరు చదివింది లోహం వేడిని కాదు, అందులో ప్రతిఫలించిన పరిసరాల వేడిని. హీట్‌సింక్ మీద గోరంత మాస్కింగ్ టేపు అంటించి, దాని మీదకు గురిపెట్టమన్నాను. అదే క్షణంలో అదే లోహం 90 దాటింది. ఈ ఒక్క టేపు ముక్క లేక ఎంతమంది తమ కంట్రోలర్ చల్లగానే ఉందని నమ్ముతున్నారో!

పరీక్షలకు నేను థర్మోకపుల్ (కొన తగిలిన చోటి వేడిని కొలిచే తీగ) వాడాను. హీట్‌సింక్ అడుగున ఫిన్‌ల (పలుచటి లోహపు రెక్కల) మధ్య దాని కొనను బిగించి, తీగను బాడీ వెనుక నుంచి బయటకు తీశాను. లోపలి చిప్ దీనికన్నా ఓ పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. వాళ్లు మామూలుగా ఆడుకునే చోటే పరీక్షించాలని పట్టుబట్టాను. నున్నటి సిమెంటు నేల మీద కొలిచి పంపిస్తే ఆ కారు మళ్లీ వస్తుంది. తండ్రి ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. మిల్లు వెనుక ఉన్న ఖాళీ స్థలంలో, ఎర్రమట్టి నేల మీద, నాలుగు ఇటుకలు పెట్టి బాట గీసుకున్నాం. ప్రతిసారీ నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ, ఆరు నిమిషాల పరుగు, అదే అబ్బాయి చేతిలో రిమోట్. పరుగుకు ముందు నీడలో గాలి ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు బ్యాటరీలే ఉండడం, ఒక్కొక్కటి చార్జ్ కావడానికి గంట పట్టడం వల్ల మూడు సాయంత్రాలు పట్టింది.

మొదటి పరుగు ఏ మార్పూ చేయకుండానే. గాలి 39 డిగ్రీలు. 5 నిమిషాల 40 సెకన్లకు కారు ఆగింది. థర్మోకపుల్ 94 చూపింది. అంటే గాలి కంటే 55 డిగ్రీలు పైకి.

ఆ 55 అన్న అంకె దగ్గరే ఈ కేసు మొత్తం విడిపోయింది. డిసెంబరు సాయంత్రం ఇక్కడ గాలి 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి 55 కలిపితే 81. అప్పుడూ కారు అంతే కష్టపడింది, కానీ హద్దు దాటలేదు. ఏప్రిల్‌లో 39కి 55 కలిస్తే 94, ఆట ఆగిపోయింది. లోపం చలికాలంలోనూ ఉంది, ఎండ దాన్ని బయటపెట్టింది. అందుకే నేను ఎప్పుడూ వట్టి ఉష్ణోగ్రత రాసుకోను, గాలి మీద ఎంత పెరిగిందో రాసుకుంటాను. వరంగల్‌లో మే నెలలో గాలే 44 డిగ్రీలుంటుంది. చల్లటి దేశాల్లో తయారైన సూచనల పుస్తకంలోని గేర్ పట్టికను ఇక్కడ కళ్లు మూసుకుని పాటిస్తే మనకు 20 డిగ్రీల వెసులుబాటు మొదటే పోయినట్లు.

దూది

విప్పడం మొదలుపెట్టాను. మోటారును గేరు నుంచి తప్పించి చక్రాలను చేత్తో తిప్పితే వెనుక ఎడమ చక్రం రెండు చుట్లు కూడా తిరగలేదు. మిగతా మూడూ తేలికగా తిరిగాయి. చక్రం తీసి చూస్తే హబ్‌కూ ఇరుసుకూ మధ్య దూది. పోగులు పోగులుగా చుట్టుకుని, గ్రీజుతో తడిసి, ఎర్రమట్టితో కలిసి తాడులా బిగుసుకుపోయింది. ఆ తాడు బేరింగ్ మూతను లోపలికి నెట్టేసింది. బేరింగ్ గరగరలాడుతోంది.

జిన్నింగ్ మిల్లు పరిసరాల్లో పత్తి కాలమంతా దూది పింజలు గాలిలో తేలుతుంటాయి. సీజను ముగిశాక కూడా అవి నేల మీద, కంచె మొదళ్లలో పేరుకుని ఉంటాయి. చక్రాలకు చుట్టుకునేది అదే, ఈఎస్‌సీ ఫ్యాను లాక్కునేదీ అదే. హీట్‌సింక్ ఫిన్‌ల మధ్య కూడా పలుచటి దూది పరుపు ఒకటి ఏర్పడి ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది, కింద లోహం దుప్పటి కప్పుకుని ఉంది.

స్టాండు మీద చక్రాలు గాలిలో ఉంచి సగం థ్రాటిల్ ఇస్తే, శుభ్రం చేయకముందు 4.2 ఆంపియర్లు లాగింది. దూది తీసి, ఆ బేరింగ్ మార్చాక 2.6. చూడటానికి చిన్న తేడానే. కానీ బరువు మోస్తూ పరుగెత్తేటప్పుడు ఆ పట్టేసిన చక్రం మలుపు మలుపునా బ్రేకులా పనిచేస్తుంది. మళ్లీ బాట మీద పరుగెత్తిస్తే ఆరు నిమిషాలూ పూర్తయ్యాయి. పెరుగుదల 55 నుంచి 49కి దిగింది. బేరింగ్ ఖరీదు వంద రూపాయల లోపు.

పినియన్ పళ్లు

49 కూడా ఎక్కువే. గేర్‌బాక్సు తెరిచాను. తయారీదారు మూడు సెల్లుల బ్యాటరీకి 15 పళ్ల పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) సూచిస్తున్నాడు. ఇందులో 19 పళ్లది ఉంది.

అబ్బాయి తల వంచుకున్నాడు. "దసరా సెలవుల్లో మార్చాను సార్. స్పీడు పెరుగుతుందని స్నేహితుడు చెప్పాడు."

వాడిని తిట్టడానికి నాకేమీ కనిపించలేదు. తన చేతులతో విప్పి, మార్చి, మళ్లీ బిగించాడు. గేర్ల మధ్య సందు కూడా సరిగ్గా పెట్టాడు. వాడికి తెలియనిది లెక్క మాత్రమే. కాగితం తీసి వేసి చూపించాను. 19ని 15తో భాగిస్తే 1.27. చక్రం దగ్గర అంతే బలం కావాలంటే మోటారు 27 శాతం ఎక్కువ టార్క్ (తిప్పే బలం) ఇవ్వాలి, అంటే అంత ఎక్కువ కరెంటు లాగాలి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి కదా? 1.27 వర్గం 1.6. స్విచ్చుల నిరోధంలో పుట్టే వేడి 60 శాతం పెరిగింది. నాలుగే నాలుగు పళ్లతో.

15 పళ్లది వేసి పరుగెత్తించాం. పెరుగుదల 49 నుంచి 35కి పడిపోయింది. మిగతా మార్పుల్లో ఏ ఒక్కదానితోనూ ఇంత తేడా రాలేదు.

గరిష్ఠ వేగం మాత్రం లెక్క ప్రకారం 21 శాతం తగ్గాలి. అబ్బాయి ముఖం చిన్నబోయింది. అప్పుడు తన ఫోనులోని స్టాప్‌వాచ్‌తోనే చుట్టు సమయం తీయమన్నాను. 19 పళ్లతో సగటు చుట్టుకు 14.2 సెకన్లు, 15 పళ్లతో 13.9. ఆ స్థలంలో కారు గరిష్ఠ వేగాన్ని ఒక్కసారీ అందుకోలేదు. మలుపు నుంచి బయటపడి ఊపందుకోవడంలోనే దాని బతుకంతా ఉంది, అక్కడ చిన్న పినియన్‌దే పైచేయి. వాడు మూడు చుట్లు మళ్లీ లెక్కపెట్టుకుని, ఇక పినియన్ ఊసెత్తలేదు.

మోటారు సంగతి కూడా ఇక్కడే చూశాను. పెద్ద పినియన్‌తో దాని డబ్బా 96 డిగ్రీలకు చేరేది, ఇప్పుడు 71. సాధారణ రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. బలం తగ్గిన మోటారు అదే టార్క్ కోసం మరింత కరెంటు లాగుతుంది, ఆ భారం మళ్లీ ఈఎస్‌సీ మీదే పడుతుంది. మోటారు ఇరుసును డ్రిల్లింగ్ మిషనుతో ఒకే వేగంలో తిప్పి, మూడు తీగల మధ్య పుట్టే వోల్టేజీని నా దగ్గరున్న అదే రకం కొత్త మోటారుతో పోల్చాను. తేడా కనిపించలేదు. ఇంకో ఎండాకాలం గడిచి ఉంటే ఏమయ్యేదో.

బ్యాటరీ తీగ, ఫ్యాను, బాడీ

బ్యాటరీని కుడివైపుకు మార్చుకోవడం కోసం ఈఎస్‌సీకి వచ్చే తీగలను 12 సెంటీమీటర్లు పొడిగించి ఉన్నారు. ఇది నేను ఎక్కడ చూసినా ఊరుకోలేని తప్పు. స్విచ్చులు సెకనుకు వేలసార్లు కరెంటును తెంపుతుంటాయి. పొడవాటి తీగకు ఉండే ఇండక్టెన్స్ ఆ తెంపుడును ఒప్పుకోదు, వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులన్నీ భరించేది ఈఎస్‌సీ అంచున ఉన్న రెండు కెపాసిటర్లు. ఆసిలోస్కోపులో చూస్తే 60 శాతం థ్రాటిల్ దగ్గర ఆ కుదుపు 1.9 వోల్టులుంది. తీగలు కత్తిరించి, కనెక్టర్ మళ్లీ టంకం పెట్టాక 0.8. తీగ పొడిగించక తప్పకపోతే మోటారు వైపు పొడిగించాలి, బ్యాటరీ వైపు పొట్టిగా ఉంచాలి.

ఈ మార్పుతో హీట్‌సింక్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీయే తగ్గింది. ఒక్క హీట్‌సింక్‌నే చూస్తే ఈ పని దండగ అనిపిస్తుంది. కానీ కెపాసిటర్ డబ్బా మీద ఉష్ణోగ్రత 12 డిగ్రీలు పడింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇన్వర్టర్లు బాగుచేసే రోజుల నుంచీ నేను నమ్ముకున్న లెక్క. కెపాసిటర్ పోయాక మాస్‌ఫెట్లు పోవడానికి ఎక్కువ కాలం పట్టదు, అప్పుడు నిజంగానే కొత్త ఈఎస్‌సీ కొనాలి.

చల్లబరిచే పని ఇప్పుడు మొదలుపెట్టాను. పాతది పాడైనప్పుడు ఎవరో 12 వోల్టుల ఫ్యాను బిగించారు. దానికి అందేది ఈఎస్‌సీ ఇచ్చే 6 వోల్టులు. అది తిరుగుతున్నట్లే కనిపిస్తుంది, కాగితం ముక్క పెడితే కదలదు. ఆ 6 వోల్టులకు సరిపడే 30 మిల్లీమీటర్ల ఫ్యాను వేశాను. దాని మీద నైలాన్ దోమతెర ముక్క ఒకటి బిగించాను. కొంత గాలి తగ్గుతుంది, అయినా ఆ స్థలంలో దూది రాకుండా ఆపడం ముఖ్యం. పెరుగుదల 26కి వచ్చింది. చివరిగా బాడీ. ముందు అద్దం దగ్గర గాలి లోపలికి వెళ్లే దారి ఉంది, బయటకు పోయే దారి లేదు. వెనుక భాగంలో రెండు వేళ్ల వెడల్పు కంత కోశాం. అది అబ్బాయే కోశాడు, అంచులు నాకన్నా నున్నగా వచ్చాయి. 23.

ఒకవేళ మొదటే ఫ్యానూ కంతా పెట్టి ఊరుకుంటే ఏమయ్యేది? కారు బహుశా ఆగేది కాదు. తండ్రి సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లేవారు. బేరింగ్ నలిగిపోతూ, మోటారు 96 డిగ్రీల్లో ఉడుకుతూ, కెపాసిటర్లు ఎండిపోతూ ఉండేవి, వాటి గురించి చెప్పే ఏకైక సూచన మాత్రం మూగబోయి ఉండేది. అందుకే ఆ క్రమం విషయంలో నేను రాజీపడను.

అప్పగింత

కారు ఇచ్చేటప్పుడు అబ్బాయికి మూడు పనులు చెప్పాను. ఆడిన ప్రతిసారీ నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూడాలి, దోమతెర దులపాలి. ఆట ముగియగానే స్విచ్చు ఆపకూడదు, ఎందుకంటే ఫ్యాను ఆగిపోతే లోహంలో నిలిచిన వేడి రెండు నిమిషాల పాటు పైకే ఎగబాకుతుంది. నేను కొలిచినప్పుడు ఆపేశాక ఏడు డిగ్రీలు పెరిగింది. ఇక మూడోది, బాడీ లోపలి వైపు అంటించిన చీటీలో తేదీ, గాలి ఉష్ణోగ్రత, ఆట చివర టేపు మీద చూసిన ఉష్ణోగ్రత, ఈ మూడూ రాస్తూ ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు 17 పళ్ల పినియన్ వేసుకోవచ్చని ఒప్పుకున్నాను, మార్చి మొదటి తేదీకి 15 వెనక్కి రావాలన్న షరతుతో. పాత ఈఎస్‌సీలు రెండూ తండ్రికి తిరిగి ఇచ్చి, బాగున్నాయని చెప్పాను. ఆయన కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు.

మే చివరి వారంలో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అబ్బాయి ఒక్కడే వచ్చాడు. చీటీ నిండింది. చివరి వరుసలో గాలి 44, హీట్‌సింక్ 68. పెరుగుదల 24, ఏప్రిల్ అంకెకు ఒక్క డిగ్రీ తేడా. ఈ మధ్యలో కారు ఒక్కసారీ ఆగలేదట.

"అయితే సార్, బ్యాటరీ కొంచెం ఉబ్బినట్లుంది" అంటూ సంచిలోంచి తీశాడు. చేత్తో పట్టుకుంటేనే తెలిసింది. మీటరు పెడితే ఇంకా ఆడకముందే 52 డిగ్రీలు. ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీలో పెట్టుకుని వచ్చాడు. లైపో సెల్లును 60 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఇది సగం దూరం ఆటకు ముందే నడిచేసింది. ఉబ్బిన దాన్ని వాడొద్దని తీసుకుని, విడిగా ఇసుక బకెట్‌లో పెట్టాను. రెండో బ్యాటరీకి మామిడిపండ్ల దుకాణంలో దొరికిన ఒక థర్మకోల్ పెట్టె ఇచ్చి, చీటీలో మరో గడి గీశాను: ఆటకు ముందు బ్యాటరీ ఎంత.